పదిహేనేళ్ల తర్వాత.. మా ఎంబీఏ బ్యాచ్ ఏమైంది?

ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూపులో జోకులుంటాయి. బంధువుల గ్రూపులో గుడ్ మార్నింగ్ పూలుంటాయి. ఎంబీఏ గ్రూపులో మాత్రం డెజిగ్నేషన్లు ఉంటాయి. ‘ఏరియా మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది’ అని ఒకరు పెడితే చాలు, కిందంతా చప్పట్ల ఎమోజీలే. 2010లో కోదాడ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ నుంచి బయటికొచ్చిన మా బ్యాచ్ గ్రూపు కూడా అంతే. ఇన్నేళ్లలో అందులో వచ్చిన అప్‌డేట్లు మాత్రమే చదివితే, మా అంత సక్సెస్‌ఫుల్ బ్యాచ్ ఇంకోటి ఉండదనిపిస్తుంది.

మరి ఆ గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పనివాళ్ల సంగతేంటి? ఓ రోజు ఎవరికీ చెప్పకుండా ఎగ్జిట్ కొట్టి వెళ్లిపోయినవాళ్లు ఎక్కడున్నారు? అది తెలుసుకుందామనే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఉన్న మావాళ్లను కలిశా. దూరంగా ఉన్నవాళ్లతో ఫోన్లో మాట్లాడా. అందరూ పెట్టిన షరతు ఒక్కటే: ‘మా పేర్లు రాయొద్దు’.

సత్యం మునిగిన ఏడాది మేం ఫస్టియర్

మా బ్యాచ్ కథ అర్థం కావాలంటే ముందు ఆ రెండేళ్లు గుర్తు చేసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఊపందుకున్న రోజులవి. ‘పీజీనా? మనకెందుకు’ అనుకున్న ఇళ్ల నుంచి కూడా పిల్లలు ఐసెట్ రాశారు. మా సెక్షన్‌లో 60 సీట్లు. రైతుల పిల్లలు, హమాలీ పని చేసేవాళ్ల పిల్లలు, కిరాణా కొట్టు వాళ్లు, రైస్ మిల్లు ఓనర్ల వారసులు.. అందరూ ఒకే బెంచీల మీద. ఇంట్లో మొదటి పీజీ తనే అన్నవాళ్లు సగానికి పైగా ఉండేవారు.

2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మేం అప్పుడే చేరాం. ‘అక్కడెక్కడో బ్యాంకు మునిగితే మనకేంటి’ అనుకున్నాం. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడింది. లేని డబ్బు ఉన్నట్టు లెక్కల్లో చూపించామని ఆయనే రాశారు. ఆయనదీ ఎంబీఏనే, అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీలో చదివారు. ఆ వారమంతా మా అకౌంటెన్సీ క్లాసులో పుస్తకం తెరవలేదు, పేపరే చదువుకున్నాం. 2009 సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి చనిపోయారు. డిసెంబర్ 9న తెలంగాణ ప్రకటన వచ్చింది. ఆ తర్వాత బంద్‌లు, రాస్తారోకోలు, వాయిదా పడ్డ పరీక్షలు. మా సెకండియర్ అలా గడిచింది.

2010లో సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికి మాకు దొరికిన ఉద్యోగాలు మూడే మూడు రకాలు. ఇన్సూరెన్స్, ప్రైవేటు బ్యాంకు సేల్స్, మైక్రోఫైనాన్స్. జీతాలు నాలుగంకెల దగ్గరే తిరిగేవి. అయినా టై కట్టుకుని ఫొటో దిగి ఇంటికి పంపించాం.

సూర్యాపేట: ఏడేళ్ల ఖాళీని దాటిన టాపర్

మా క్లాస్ టాపర్ ఇప్పుడు సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తోంది. బిల్లింగ్, ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ క్లెయిమ్‌లు అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. ఆమెను కలవాలంటే ఓపీ టైమ్ అయిపోయాక వెళ్లాలి. అప్పటికి కూడా టేబుల్ మీద ఫైళ్ల గుట్ట అలాగే ఉంది.

2010 చివర్లోనే పెళ్లయింది. తర్వాత ఇద్దరు పిల్లలు, అత్తగారి అనారోగ్యం. రెజ్యూమెలో ఏడేళ్లు ఖాళీ. ‘గ్రూపుల మీరందరు ప్రమోషన్లు పెడుతుంటే నేనేం పెట్టాలె? మా బాబు నడుస్తున్నడని పెట్టాల్నా?’ అని నవ్వింది. పెట్టలేదు. ఆ ఏడేళ్లలో ఆమె గ్రూపులో రాసినవి పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రమే.

సూర్యాపేట 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. జిల్లా ఆఫీసులు, కొత్త ఆస్పత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు.. ఊరి ముఖమే మారిపోయింది. హైదరాబాద్-విజయవాడ హైవే మీద టీ తాగడానికి బస్సులు ఆగే ఊరనుకున్నవాళ్లే ఇక్కడ ఉద్యోగాలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే మా బ్యాచ్‌లో మెడికల్ రెప్‌గా తిరిగే ఒకతను గ్రూపులో మెసేజ్ పెట్టాడు. ‘తెలిసిన డాక్టర్ గారి దగ్గర క్లెయిమ్స్ చూసే మనిషి కావాలి. ఎవరన్నా ఉన్నారా?’

కాలేజీలో వాళ్లిద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. ఆమె గ్రూపులో జవాబివ్వలేదు. అతనికి విడిగా మెసేజ్ చేసింది: ‘ఏడేళ్ల గ్యాప్ ఉంది, తీసుకుంటారా?’ ఆ ఒక్క ప్రశ్న టైప్ చేయడానికి రెండు రోజులు పట్టిందట. మొదట బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆమె కింద ఆరుగురు పనిచేస్తున్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగాక పని ఇంకా పెరిగింది. ‘డిశ్చార్జ్ కాగితంల ఒక్క తేదీ తప్పువడ్డా ఫైల్ వాపస్ వస్తది. ఎంబీఏల నేర్చుకున్నదాని కన్నా పిల్లల హోంవర్క్ చూసి నేర్చుకున్న ఓపికే ఇక్కడ పనికొస్తుంది’ అంది.

ఉద్యోగాలు ఎవరి నుంచి వస్తాయి?

ఆమెకు సాయపడింది ప్రాణస్నేహితురాలు కాదు, అంతగా పరిచయం లేని క్లాస్‌మేట్. ఇది ఏదో యాదృచ్ఛికం అనుకోవద్దు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే దీని గురించి ఒక వ్యాసం రాశారు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో ఉద్యోగం మారినవాళ్లను ఆయన అడిగిన ప్రశ్న సింపుల్: ఈ ఉద్యోగం సంగతి మీకు చెప్పిన మనిషిని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు? తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచూ కలిసే మనిషి చెప్పింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు చెప్పింది 55.6 శాతం మందికి. ఏడాదికోసారో, అంతకన్నా తక్కువగానో కలిసే మనిషి చెప్పింది 27.8 శాతం మందికి.

కారణం కూడా సింపులే. రోజూ కలిసి టీ తాగే దోస్తుకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. మెడికల్ రెప్ తిరిగే ఆస్పత్రులు వేరు, మిల్లు ఓనర్ తిరిగే మార్కెట్లు వేరు, సిమెంట్ ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ చూసే ఖాళీలు వేరు. దూరపు పరిచయం మనకు కనపడని ప్రపంచంలోకి కిటికీ లాంటిది. 2022లో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా యూజర్ల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివాళ్ల కన్నా ఓ మోస్తరు దూరపు పరిచయాలే కొత్త ఉద్యోగానికి ఎక్కువ పనికొస్తున్నాయని అవీ తేల్చాయి.

పేరున్న బిజినెస్ స్కూళ్లు లక్షల ఫీజు తీసుకుని ‘నెట్‌వర్క్’ అని అమ్మేది దీన్నే. కోదాడ పక్కన చదివిన మాకూ అది ఫ్రీగా దొరికింది. కాకపోతే అది పనిచేయాలంటే ఒక షరతుంది. అవసరం ఉందని అవతలివాళ్లకు తెలియాలి.

‘బిజినెస్ చేస్తున్నా’ అన్న పదేళ్లు

సూర్యాపేటలోనే ఇంకో మిత్రుడు. గ్రూపులో ఎవరు పలకరించినా అతని జవాబు ఎప్పుడూ ఒక్కటే: ‘బిజినెస్ చేస్తున్నా’. ఏ బిజినెస్ అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తనకీ తెలియదట. నిజానికి అతను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక చిన్న గదిలో గ్రూప్స్‌కు చదువుతున్నాడు.

తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో అది రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాడు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చేనాటికి అతని కూతురు స్కూలుకు వెళ్తోంది. ‘ఇగ సాలు అనిపించింది రా. రూం ఖాళీ చేసి పుస్తకాలు ఆటోల ఏసుకున్న’ అన్నాడు.

ఇప్పుడు సూర్యాపేటలో జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తున్నాడు. సాయంత్రం కోచింగ్ సెంటర్‌లో ఎకానమీ క్లాస్. పిల్లలకు అతనంటే బాగా ఇష్టమని అక్కడ కూర్చున్న పావుగంటలోనే అర్థమైంది. ‘మరి గ్రూపులో ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?’ అని అడిగా. ‘పాసైనంక చెప్దామనుకున్న’ అన్నాడు. మన సమస్యంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది. పాసయ్యాకే చెప్దాం, సెటిలయ్యాకే కలుద్దాం, కారు కొన్నాకే రీయూనియన్‌కు వద్దాం.. ఇలా వాయిదా వేసుకుంటూ పోతే చదువుకునే రోజుల్లో అతనికి దొరికే ఒక పార్ట్‌టైమ్ క్లాసు, ఒక పుస్తకం, కనీసం ఒక పూట భోజనం కూడా దొరకవు. అదే గ్రూపులో ఇంకో ఇద్దరు గ్రూప్స్‌కే చదివారట, అదీ అశోక్‌నగర్‌లోనే. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కోదాడ: గ్రూపు నుంచి వెళ్లిపోయినవాడు

సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులో గంట. యాస కూడా దారిలోనే మారుతూ వస్తుంది. ఇక్కడ ‘ఏందిరా’, ‘ఏంట్రా’ రెండూ వినిపిస్తాయి. కాస్త ముందుకెళ్తే జగ్గయ్యపేట, ఆంధ్ర. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు ఉండటంతో కోదాడలో లారీల వ్యాపారం బాగా నడుస్తుంది. నేను కలవాల్సిన మిత్రుడు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఉన్నాడు. 2021లో మా గ్రూపు నుంచి ఎగ్జిట్ అయింది అతనే.

2010 జూన్‌లో అందరికన్నా ముందు ఉద్యోగం వచ్చింది అతనికే. మైక్రోఫైనాన్స్‌లో ట్రైనీ మేనేజర్. పొద్దున్నే ఊళ్లకు వెళ్లి మహిళా గ్రూపులను కూర్చోబెట్టి వారం వారం కిస్తీలు వసూలు చేయాలి. ఆ రంగం అప్పుడు ఆకాశంలో ఉంది. ఒక పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌కు కూడా వెళ్లింది. రెండు నెలలకే, అక్టోబర్‌లో, అప్పులవాళ్ల వేధింపులతో ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ‘నిన్నటిదాకా సార్ అన్న ఊళ్లోనే బండి దిగొద్దన్నారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల బాధ వాళ్లది’ అన్నాడు.

ఆ తర్వాత లారీ ఫైనాన్స్ కంపెనీలో చేరాడు. ఏళ్ల తరబడి లారీల లెక్కలు చూసి చూసి, 2017 చివర్లో తనే ఒక లారీ కొన్నాడు. పది టైర్లది, సిమెంట్ లోడు. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ లోడ్ పరిమితిని పెంచింది. ఒక్కో లారీ ఇంకాస్త ఎక్కువ బరువు మోయొచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఉన్న సరుకుకు తక్కువ లారీలు సరిపోతే, కిరాయి పడిపోతుంది. కొత్తగా అప్పు చేసి లారీ కొన్నవాడికి అది దెబ్బ. దాని మీద 2020 కరోనా. మార్చి నుంచి ఆగస్టు వరకు రిజర్వ్ బ్యాంక్ మారటోరియం ఇచ్చింది గానీ, వడ్డీ ఆగలేదు. 2021లో ఫైనాన్స్ వాళ్లు లారీ తీసుకుపోయారు.

‘బండి తీస్కపోయిన రోజు సాయంత్రం ఫోన్ తెరిస్తే గ్రూపులో ఎవరిదో ప్రమోషన్. కంగ్రాట్స్ అని టైప్ చేశా. పంపలేకపోయా. ఎగ్జిట్ కొట్టేశా’ అన్నాడు.

నిజం అంతవరకే కాదు. కాసేపాగి మిగతాది కూడా చెప్పాడు. అతను ఇద్దరు క్లాస్‌మేట్స్‌కు బాకీ ఉన్నాడు. ఒకరికి లక్షన్నర, ఇంకొకరికి 80 వేలు. ప్రామిసరీ నోటు లేదు, నమ్మకం మీద ఇచ్చినవే. గ్రూపులో ఉంటే వాళ్లు రోజూ కనపడతారు. ‘వాళ్లు అడగలేదు. అడక్కపోవడమే ఎక్కువ బాధనిపించేది.’

మిర్యాలగూడ: కొత్త మిషన్ ఫొటో వెనక

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్లాలి. దారి పొడవునా సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు పొలాలు. ఊరు దగ్గర పడుతుంటే ఊక వాసన, మిల్లు గొట్టాలు. రైస్ మిల్లులకు మిర్యాలగూడ ఎంత పేరో చెప్పక్కర్లేదు. కోతలప్పుడు రోడ్ల మీద వడ్ల ట్రాక్టర్లు కిలోమీటర్ల లైను కడతాయి.

మా బ్యాచ్‌లో అందరూ అసూయపడింది ఇక్కడి మిల్లు వారసుడిని చూసే. ‘నీకేం రా, డిగ్రీ పటం కట్టించుకుంటే సాలు’ అనేవాళ్లం. రెండేళ్ల కింద అతను గ్రూపులో కొత్త సార్టెక్స్ మిషన్ ఫొటో పెట్టాడు. రంగు మారిన గింజను కెమెరాతో పట్టి పక్కకు తోసే మిషన్ అది. బోలెడన్ని కంగ్రాట్స్ వచ్చాయి. ఆ మిషన్ కోసం తీసుకున్న లోను సంగతి ఫొటోలో పడలేదు.

‘వర్కింగ్ క్యాపిటల్ చాప్టర్ యాదికుందా? నాకు అది రోజూ యాదికొస్తది’ అన్నాడు. కోతలొచ్చిన కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా వడ్లు కొనాలి. రైతుకు డబ్బు రోజుల్లో ఇవ్వాలి. బియ్యం మాత్రం ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా అమ్ముడుపోతాయి, వ్యాపారుల దగ్గర్నుంచి డబ్బు నెలలు గడిచాక వస్తుంది. మధ్యలో నడిచేదంతా వడ్డీయే. ప్రభుత్వ వడ్లు మరాడించే సీఎంఆర్ లెక్క ఇంకోటి. క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగివ్వాలి. గింజ నూకైతే ఆ తేడా మిల్లరే భరించాలి. సన్న వడ్లకు ప్రభుత్వం క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. రేషన్‌లో సన్న బియ్యం పంపిణీ 2025 మార్చి 30న, ఉగాది రోజున, మొదలైంది ఈ పక్కనే ఉన్న హుజూర్‌నగర్‌లోనే. ‘రైతుకు మంచిదే, తినేటోళ్లకు మంచిదే. మా లెక్కలే మళ్ల మొదటి నుంచి ఏసుకోవాలె’ అన్నాడు. పైకి ఎండీ. లోపల రోజూ రాత్రి పదింటికి బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుని పడుకునే మనిషి.

కోదాడ మిత్రుడు బాకీ ఉన్న ఇద్దరిలో ఒకరు ఇతనే.

అప్‌డేట్ లేని మనిషి చేసిన పని

ఈ ఇద్దరి మధ్య తాడు కలిపింది మా బ్యాచ్‌లో అందరూ మర్చిపోయిన మనిషి. మేళ్లచెరువు వైపు ఒక సిమెంట్ ప్లాంట్‌లో 13 ఏళ్లుగా ఒకే చోట ఉద్యోగం, హెచ్‌ఆర్‌లో. ‘నా దగ్గర పెట్టడానికి అప్‌డేటే ఉండదు బ్రో’ అని నవ్వేశాడు. కానీ లెక్కేస్తే మా బ్యాచ్‌లో నలుగురికి అతని మాట సాయంతోనే ఉద్యోగాలు దొరికాయి. క్యాంటీన్‌లో లారీ డ్రైవర్లతో మాట్లాడుతుంటే కోదాడ మిత్రుడి సంగతి తెలిసింది. ఫోన్ చేశాడు. ‘ఎట్లున్నావ్’ అని అడగలేదు. ‘లారీ లెక్కలు చూసే మనిషి కావాలని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు అడుగుతున్నారు, రేపు రాగలవా’ అని అడిగాడు.

అలా అతను మళ్లీ పనిలో పడ్డాడు. ఇప్పుడు ఎనిమిది లారీల లెక్క చూస్తాడు. ఒక్కటీ తనది కాదు. ఏడాది తర్వాత మిర్యాలగూడ మిల్లు నుంచి తవుడు, బియ్యం లోడింగ్ పని వచ్చినప్పుడు కిరాయి మాట్లాడాల్సింది ఇతనే. పాత బాకీ మధ్యలో ఉంది. మిల్లు మిత్రుడే తేల్చాడు: ‘నెలకు 5 వేలియ్యి. ఎక్సెల్ షీట్ చేసి పంపు. వడ్డీ ఒద్దు, లేట్ ఒద్దు.’ ఆ షీట్ నాకూ చూపించాడు. 30 వరసలు, 21 పచ్చ రంగులో ఉన్నాయి.

రెండో బాకీ అలా తేలలేదు. 80 వేలు ఇచ్చిన మిత్రుడు ఇతని ఫోన్ ఎత్తడు. అతని కోణం కూడా విన్నా. ‘డబ్బు పోయినందుకు కాదు. మా నాన్నకు ఆపరేషన్ అప్పుడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇయ్యలేను అని ఒక్క మాట చెప్పి ఉంటే సాలు’ అన్నాడు. అతనిది న్యాయమైన కోపమే. గ్రూపులు, రీయూనియన్లు అన్నిటినీ కలిపేస్తాయనుకోవడం సినిమా సంగతి.

హార్వర్డ్‌లోనూ ఇదే కథ

ఇదంతా చిన్న ఊళ్ల ఎంబీఏల గోల అనుకుంటున్నారా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్సన్ అక్కడే 1979 బ్యాచ్. 2010లో, అంటే మేం బయటికొచ్చిన ఏడాదే, హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయన వ్యాసం వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ తన క్లాస్‌మేట్స్‌లో ఎక్కువమంది రీయూనియన్లకు దిగులుగా, విడాకులతో, పిల్లలకు దూరమై రావడం చూశానని అందులో రాశారు. వాళ్లలో ఎవరూ అలా కావాలని ప్లాన్ చేసుకోలేదని కూడా అన్నారు. ఎన్‌రాన్ కుంభకోణంలో జైలుకెళ్లిన జెఫ్రీ స్కిల్లింగ్ ఆయన క్లాస్‌మేటే.

తెలివికి కొదవలేదు, డబ్బుకు కొదవలేదు. టైమ్ ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టలేదన్నది ఆయన చెప్పిన కారణం. ప్రమోషన్ ఫలితం వెంటనే కనపడుతుంది. ఇంట్లో పెట్టిన టైమ్ ఫలితం ఇరవై ఏళ్లకు గానీ కనపడదు. అందుకే మనం కనపడే దాని వెంటే పరిగెడతాం.

అమెరికా అంటే గుర్తొచ్చింది. మా బ్యాచ్‌లో డాలస్‌లో ఉన్నతను వీడియో కాల్‌లో దొరికాడు. కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజని 2025 సెప్టెంబర్‌లో ప్రకటన వచ్చిన రాత్రి అసలు నిద్రపోలేదట. తనది పాత వీసానే అయినా, ఉద్యోగం పోతే ఏంటన్న లెక్క మొదలైంది. ‘గ్రూపులో నా ఇంటి ఫొటో చూసి ఉంటావ్. దాని మార్ట్‌గేజ్ ఇంకా 26 ఏళ్లుంది’ అన్నాడు. సూర్యాపేటలో ఇల్లు కట్టుకున్న కామర్స్ లెక్చరర్‌ను చూస్తే తనకు అసూయగా ఉందట. లెక్చరర్‌కు ఇతన్ని చూస్తే.

మీ బ్యాచ్‌కు ఇంకా టైముంది

ఇది చదివేవాళ్లలో చాలామంది ఇప్పుడే డిగ్రీనో ఎంబీఏనో అయిపోయినవాళ్లు ఉంటారు. మీ గ్రూపు ఇంకా వెచ్చగానే ఉంటుంది. మావాళ్లందరినీ ‘ఇప్పటి పిల్లలకు ఒక్క మాట చెప్పాలంటే?’ అని అడిగా. వాళ్లు చెప్పినవి ఇవీ.

• అవసరాన్ని పనిలా అడగండి. ‘ఏమన్నా జాబ్ ఉంటే చెప్పు’ అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ‘సూర్యాపేటలో అకౌంట్స్ పని, జీతం ఇంత, సోమవారం నుంచి రాగలను’ అంటే అవతలివాళ్లకు ఒక మనిషి గుర్తొస్తాడు. ఇది సిమెంట్ ప్లాంట్ హెచ్‌ఆర్ మాట.

• గ్రూపులో చెప్పలేకపోతే ఒక్కరికి విడిగా చెప్పండి. టాపర్ చేసింది అదే.

• అప్పు తీసుకుంటే కాగితం రాయండి. ఇవ్వలేకపోతే ఆ మాటే ఫోన్ చేసి చెప్పండి. ‘డబ్బు కన్నా ముందు ఫోన్ ఎత్తడం బాకీ’ అన్నది కోదాడ మిత్రుడు, తన అనుభవంతో.

• పెళ్లితో నంబర్ మారిపోయిన అమ్మాయిలను వెతికి పట్టుకోండి. మా 60 మందిలో ఎక్కడున్నారో ఇప్పటికీ తెలియనివాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

• ఎవరైనా ఎగ్జిట్ అయితే లింక్ పంపి వదిలేయకండి. ఫోన్ చేయండి. ‘ఎందుకు వెళ్లిపోయావ్’ అని కాదు, వాళ్లకు పనికొచ్చే విషయం ఒకటి పట్టుకుని.

సంక్రాంతికి కలుద్దామని ఈ మధ్య మాట నడుస్తోంది. పండక్కి హైవే అంతా ఆంధ్ర వైపు కార్లతో నిండిపోతుంది కాబట్టి కనుమ మరుసటి రోజు కోదాడలోనే అని అనుకున్నారు. గిఫ్టులు, శాలువాలు వద్దు, ఇంటి భోజనమే అని టాపర్ షరతు పెట్టింది. కోదాడ మిత్రుడు వస్తానన్నాడు. గ్రూపులో మళ్లీ చేర్చమని ఇంకా అడగలేదు. 80 వేలు ఇచ్చిన మిత్రుడికి కూడా కబురు పంపాం. మెసేజ్ చూశాడు. జవాబు ఇంకా రాలేదు.